రెండు డెక్‌ల మధ్య సౌండ్ తేడా: ఆటో గెయినా, చేతి ట్రిమ్మా, ముందే సరిచేసుకున్న ఫైళ్లా?

డీజే సెట్‌లో మొదటి డెక్ (పాట ఎక్కించి వాయించే ప్లేయర్) మీద కొత్త మాస్ పాట బేస్ బాక్సుల్ని ఊపేస్తుంటుంది. ఫేడర్ జరిపి రెండో డెక్ మీద పాతకాలం డ్యూయెట్ ఎత్తగానే ఊరేగింపు చల్లబడిపోతుంది. "అన్నా, సౌండ్ పడిపోయిందేంటి?" అంటూ ముందు నడిచే కుర్రాళ్లు వెనక్కి తిరుగుతారు. కంగారులో చెయ్యి మాస్టర్ మీదికి పోతుంది. ఆ తర్వాతి కొత్త పాట పడగానే ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైట్లు, టాప్స్‌లో (సన్నటి శబ్దాలు ఇచ్చే పై బాక్సుల్లో) చిరుగుడు. కోనసీమ పల్లెల్లో పెళ్లి ఊరేగింపుల దగ్గర్నుంచి భీమవరం, రాజమండ్రి ఏసీ ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్ల దాకా సీజన్‌లో ఎక్కడ చూసినా ఇదే బాధ.

దీనికి వాడుకలో నాలుగు దారులున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆటో గెయిన్ (పాట మట్టాన్ని సాఫ్ట్‌వేరే సరిచేయడం) వేసుకోవడం, ప్రతి పాటకీ ట్రిమ్ (ఆ డెక్ సౌండ్‌ని మొదట్లోనే పెంచి దించే నాబ్) చేత్తో తిప్పుకోవడం, పాటల ఫైళ్లనే ముందుగా ఒక మట్టానికి తెచ్చుకోవడం, చివర్లో లిమిటర్ (హద్దు దాటిన సౌండ్‌ని నొక్కేది) పెట్టి సరిపెట్టుకోవడం. ఎవరికి ఏది నప్పుతుందో చెప్పే ముందు ఒక మాట. ఏ దారి పట్టినా తక్కువ పాటని పైకి లాగకండి, ఎక్కువ పాటని కిందికి దించండి. కావలసిన మోత ఆంప్లిఫయర్ దగ్గర తెచ్చుకోవాలి. ఈ ఒక్కటీ తిరగేసి చేయడం వల్ల హారన్ స్పీకర్లలోని పల్చటి పొరలు, అంటే డయాఫ్రమ్‌లు, కాలిపోతున్నాయి.

తప్పు పాటదా, డెక్‌దా?

మందు ఎంచుకునే ముందు రోగం తేలాలి. డెక్‌లో లోపం ఉంటే ఆటో గెయిన్ దాన్ని బాగు చేయదు సరికదా, కప్పిపెడుతుంది.

పరీక్ష పది నిమిషాల పని. ఆటో గెయిన్ ఆపేయండి. ఆడాసిటీలో (ఉచితంగా దొరికే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) జనరేట్ మెనూకి వెళ్లి టోన్ తీసుకోండి: సైన్, 1000 హెర్ట్జ్, యాంప్లిట్యూడ్ 0.125, నిడివి 60 సెకన్లు. ఇది దాదాపు మైనస్ 18 డెసిబెల్ మట్టంలో వస్తుంది (సున్నా అంటే ఫైల్ పట్టగల గరిష్ఠ మట్టం). వేవ్ ఫైల్‌గా దాచుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది. రెండు డెక్‌ల మీదా ఇదే ఫైల్ ఎక్కించండి. ట్రిమ్ నాబ్‌లు నిట్టనిలువుగా, ఈక్వలైజర్ నాబ్‌లు మధ్యలో, ఫిల్టర్ మధ్యలో, ఎఫెక్టులు ఆఫ్, ఛానల్ ఫేడర్లు పైదాకా, క్రాస్‌ఫేడర్ (ఒక డెక్ నుంచి ఇంకో డెక్‌కి సౌండ్ మార్చే అడ్డ ఫేడర్) నడిమధ్యన. ఆంప్లిఫయర్లు మాత్రం ఆఫ్‌లో ఉంచండి; టోన్‌ని పెద్ద బాక్సుల్లో వదిలితే హారన్‌కీ మంచిది కాదు, ఇరుగుపొరుగుకీ మంచిది కాదు. ఒక్కో డెక్ విడిగా ప్లే చేసి మీటర్ చూడండి. రెండూ ఒక డెసిబెల్ లోపు కలిస్తే డెక్‌లు బాగున్నాయి, తేడా పాటల్లో ఉంది. కలవకపోతే వైరూ నాబూ చూసుకోవాలి.

టోన్ చేసుకునే తీరిక లేకపోతే ఒకే పాటని రెండు డెక్‌ల మీదా ఎక్కించి, ఒకే పల్లవి దగ్గర ఒకదాని తర్వాత ఒకటి వినండి. చెవికి ఒక డెసిబెల్ తేడా అంతగా పట్టదు, మూడు పడుతుంది, ఆరు ఎవరికైనా తెలిసిపోతుంది, పది వచ్చిందంటే దాదాపు రెట్టింపు మోత అనిపిస్తుంది.

ఇంకో గుర్తు: రెండు డెక్‌లూ ఒకేసారి పడిపోతే అది డెక్‌ల తగాదా కాదు. జనరేటర్ ఓల్టేజీ, ఆంప్లిఫయర్ ప్రొటెక్షన్, మాస్టర్ కేబుల్ చూసుకోండి.

డెక్ దగ్గర దొరికే దొంగలు

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది కంట్రోలర్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపే నాబ్‌ల పరికరం) నాబ్‌కీ స్క్రీన్ మీది నాబ్‌కీ పొంతన లేకపోవడం. కంట్రోలర్ నాబ్‌లు తిప్పేసి పెట్టెలో పెట్టారు, మర్నాడు సాఫ్ట్‌వేర్ తెరిచారు. చేతి కింద ట్రిమ్ నిలువుగానే ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ నిన్నటి విలువనే పట్టుకుని కూర్చుంది. సాఫ్ట్ టేకోవర్ ఉన్న చోట నాబ్ ఆ పాత విలువని దాటేదాకా అసలు కదలదు. అందుకే ప్రోగ్రామ్ మొదలెట్టే ముందు ప్రతి ట్రిమ్, ఈక్యూ, ఫిల్టర్ నాబ్‌నీ ఒకసారి పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి మధ్యలోకి తెచ్చి, స్క్రీన్ మీద కూడా మధ్యకి వచ్చిందో లేదో చూడండి. అర నిమిషం పని. చాలా ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

రెండోది క్రాస్‌ఫేడర్. వాడని వాళ్లు దాని జోలికే పోరు, అది మాత్రం వ్యాన్ కుదుపులకి ఒక పక్కకి జరిగిపోతుంది. మెత్తటి కర్వ్‌లో (సౌండ్ మెల్లగా మారే సెట్టింగ్‌లో) ఉంటే కొంచెం జరిగినా అవతలి డెక్ తగ్గుతుంది. వాడకపోతే రెండు ఛానళ్లనీ త్రూ (క్రాస్‌ఫేడర్ ప్రభావం లేని స్థితి) మీద పెట్టేయండి.

బయటి మిక్సర్‌తో వాయించేవాళ్లు ఫోనో, లైన్ స్విచ్ చూసుకోవాలి. ఫోనో ఇన్‌పుట్ అంటే రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని సుమారు 40 డెసిబెల్స్ పెంచే దారి. సౌండ్ కార్డు అందులోకి పోతే ఆ డెక్ సౌండ్ పగిలిపోతుంది, రెండోది గుసగుసలాడుతుంది. ఇక బయటి మిక్సర్ ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్నల్ మిక్సర్ కూడా నడుస్తుంటే రెండు చోట్లా ఫేడర్లు పనిచేస్తాయి. ఒక చోట దించి మర్చిపోయింది ఇంకో చోట వెతుకుతారు.

కేబుల్ అనుమానం తీర్చుకోవడానికి మిక్సర్ వైపు ఆర్‌సీఏ పిన్నుల్ని అటూ ఇటూ మార్చండి. తక్కువ సౌండ్ కూడా వాటితో పాటు అవతలి ఛానల్‌కి మారితే కేబులో కార్డో తప్పు. ఉన్న ఛానల్‌లోనే ఉండిపోతే మిక్సర్ ఛానల్ తప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి పిన్నుల మీద పచ్చటి తుప్పు చేరుతుంది, ఫేడర్ల కింద గీరుడు మొదలవుతుంది. ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి, కరెంటు తీసేసి, ఫేడర్‌ని ఇరవై ముప్పైసార్లు ఆడించి, పూర్తిగా ఆరాక వాడండి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే కొట్టకండి. జిడ్డు మిగిలి దుమ్ముని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక వింత లోపం గురించి విడిగా చెప్పాలి. హెడ్‌ఫోన్‌లో పాట చక్కగా వినపడుతుంది, బాక్సుల్లో మాత్రం గొంతు మాయం, బేస్ మాయం, వాన నీళ్లలో తడిసినట్టు మిగిలిన వాయిద్యాలు. దీనికి ఎక్కువగా కారణం లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్టీరియో పిన్నుతో తెచ్చిన సిగ్నల్‌ని మిక్సర్‌లో ఒకే బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో గుచ్చడం. ఆ ఇన్‌పుట్ రెండు తీగల మధ్య తేడానే తీసుకుంటుంది. గొంతు, బేస్ సాధారణంగా ఎడమకీ కుడికీ సమానంగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎడమని ఒక ఛానల్‌కీ, కుడిని ఇంకో ఛానల్‌కీ విడదీసే వై కేబుల్ వాడితే పాట తిరిగొస్తుంది. మన దగ్గర వీధి సెట్లు చాలావరకు మోనోలోనే నడుస్తాయి గనక, ఒక పక్కే రికార్డయిన పాత పాట కూడా ఇలాగే దెబ్బ తింటుంది. రెండు పక్కలా సమానంగా ఉన్న పాటతో పోలిస్తే మోనోలో కలిపినప్పుడు అది 6 డెసిబెల్స్ తక్కువ వస్తుంది. ఆ ఫైల్‌ని ఆడాసిటీలో రెండు పక్కలుగా విడదీసి, పాట లేని పక్కని తీసేసి, పాట ఉన్న పక్కనే మోనోగా దాచుకోవడమే మార్గం.

విండోస్ లాప్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో "ఇతర శబ్దాలు 80 శాతం తగ్గించు" అన్నది ముందే ఎంచుకుని ఉంటుంది. ఏదో కాల్ యాప్ తెరుచుకోగానే సౌండ్ మొత్తం కుంగుతుంది. "ఏమీ చేయకు" మీదికి మార్చేయండి. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ లాంటి ఎన్‌హాన్స్‌మెంట్లు కూడా ఆఫ్ చేయండి. సౌండ్ కార్డు ఏషియో డ్రైవర్ (విండోస్ మిక్సర్‌ని దాటి నేరుగా కార్డుకి సౌండ్ పంపేది) మీద నడిచేవాళ్లకి ఈ బెడద లేదు.

పాటల్లో తేడా ఎందుకొస్తుంది

డెక్‌లు బాగున్నాయని తేలాక మిగిలింది పాటలు. ఇప్పటి డీజే రీమిక్సులూ మాస్ పాటలూ సగటున మైనస్ 7, 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే సగటు మోతకి కొలమానం) దగ్గర ఉంటాయి, ఇంకా ఎక్కువగా పిండేసినవీ ఉన్నాయి. పాత సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు, నాదస్వరం రికార్డింగులు మైనస్ 16, 18 దగ్గర నిలుస్తాయి. అంటే పది డెసిబెల్స్ అటూ ఇటూ. చూడ్డానికి రెండింటి శిఖరమూ సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది, అందుకే పీక్ నార్మలైజ్ (శిఖరాల్ని ఒకే ఎత్తుకి తేవడం) చేస్తే ఏ ఫలితమూ ఉండదు. చెవి వినేది సగటుని.

ఒక లెక్క వేసి చూడండి. పాత పాట సగటు మైనస్ 17, శిఖరం మైనస్ 1. దాన్ని కొత్త పాటల దరిదాపుల్లోకి, అంటే మైనస్ 9కి లాగాలంటే 8 డెసిబెల్స్ పెంచాలి. శిఖరం సున్నా దాటి 7 పైకి పోతుంది. అక్కడ జాగా లేదు. లిమిటర్ దాన్ని నొక్కేస్తుంది, లేదా క్లిప్ అయి చిరుగుతుంది. తబలా దెబ్బ, మృదంగం ధిమి అన్నీ చదునైపోతాయి. అదే కొత్త పాటల్ని అంత మేర దించితే దేనికీ నష్టం లేదు. మొత్తం తగ్గిందనిపిస్తే ఆంప్లిఫయర్ గెయిన్ పెంచుకోండి. అయితే ఆంప్లిఫయర్‌లో అంత సత్తా ఉండాలి: 3 డెసిబెల్స్‌కి రెట్టింపు వాట్లు, 10 డెసిబెల్స్‌కి పదింతలు. 500 వాట్ల సెట్‌తో ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకుని ఉండాలి.

ఆటో గెయిన్

నాలుగిట్లో తొందరగా ఫలితమిచ్చేది ఇదే. సాఫ్ట్‌వేర్ పాటని ముందుగా విశ్లేషించి, దాని సగటు మట్టం రాసుకుని, డెక్ మీదికి ఎక్కించగానే ట్రిమ్‌ని లోపల సరిచేస్తుంది. ఫైల్ మారదు. సెరాటోలో డీజే ప్రిఫరెన్సెస్ కింద యూజ్ ఆటో గెయిన్ ఉంటుంది, పక్కనే డెసిబెల్ సంఖ్య (ఇది వేరే కొలత, పైన చెప్పిన మైనస్ లెక్క కాదు). మామూలుగా 92 ఉంటుంది. పాత పాటలూ కొత్త పాటలూ కలిపి వాయించేవాళ్లు దాన్ని 89 వైపు దించుకుంటే జాగా మిగులుతుంది. ట్రాక్టర్ ప్రోలో మిక్సర్ సెట్టింగ్స్‌లో ఆటోగెయిన్‌తో పాటు హెడ్‌రూమ్ (శిఖరాలకి వదిలే జాగా) అని విడిగా ఉంది, దాన్ని మైనస్ 6 మీద పెట్టండి. వర్చువల్‌డీజేలో ఆప్షన్స్‌లో ఆటోగెయిన్ అని వెతికితే దొరుకుతుంది. గెయిన్ నాబ్‌లో ఆటో గెయిన్ కలిపి చూపించాలా అన్నది అక్కడే ఇంకో ఆప్షన్. కలిపి చూపిస్తే పాట మారినప్పుడల్లా స్క్రీన్ నాబ్ కదులుతుంది, చేతి కింది నాబ్ కదలదు, పైన చెప్పిన పొంతన తగాదా మళ్లీ మొదలవుతుంది. కంట్రోలర్ వాడేవాళ్లు కలపకుండా ఉంచుకోవడం మేలు. ఉచితంగా దొరికే మిక్స్ (Mixxx, పేరు చివర మూడు ఎక్స్‌లు) సాఫ్ట్‌వేర్‌లో నార్మలైజేషన్ పేజీ ఉంది, అందులో రీప్లేగెయిన్ 2.0 (సగటు మోత కొలిచే పద్ధతి) ఎంచుకోండి. రెకార్డ్‌బాక్స్ కూడా విశ్లేషణలోనే గెయిన్ లెక్కగడుతుంది.

ఆటో గెయిన్ రెండు చోట్ల తడబడుతుంది. మొదటిది, అది పాట మొత్తాన్నీ చూసి సగటు కడుతుంది. మూడు నిమిషాల ఆలాపన తర్వాత డప్పులు దిగే జానపద మిక్సులో సగటు తక్కువగా తేలుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పైకి లేపుతుంది, డప్పులు పడేసరికి పెళ్లివారు ఉలిక్కిపడతారు. ఇలాంటి పాటల్ని గట్టిగా వచ్చే భాగం దగ్గర విని, ట్రిమ్ చేత్తో దించి, ఆ విలువ పాటకి దాచుకోండి. రెండోది, విశ్లేషించని పాటకి దాని దగ్గర విలువే ఉండదు. పెళ్లికొడుకు బావమరిది చివరి నిమిషంలో పెన్‌డ్రైవ్ తెచ్చి "ఈ పాట వెయ్యి బాబూ" అన్నాడంటే, ఆ పాట ఏ మట్టంలో పడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే సీజన్ మొదలయ్యే ముందు లైబ్రరీ మొత్తాన్ని రాత్రి పూట విశ్లేషణకి పెట్టేసి పడుకోండి. వేలల్లో పాటలుంటే గంటలు పడుతుంది, లాప్‌టాప్‌ని ఛార్జర్‌కి పెట్టడం మర్చిపోవద్దు.

ఫైళ్లనే సరిచేసుకోవడం

ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్ పాతదే అయినా ఈ పనికి ఇప్పటికీ బంగారం లాంటిది. పాటని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు. ఎంపీ3 ఫైల్‌లో మట్టం రాసి ఉన్న అంకెని 1.5 డెసిబెల్స్ మెట్లుగా మారుస్తుంది, అంతే. నాణ్యత పోదు, తర్వాత అన్‌డూ చేసుకోవచ్చు. మామూలుగా లక్ష్యం 89 ఉంటుంది. ఇప్పటి మాస్ పాట దాని కొలతలో 98 చూపిస్తే 9 డెసిబెల్స్, అంటే ఆరు మెట్లు దిగుతుంది. పెళ్లి లైబ్రరీకి లక్ష్యం 92 పెట్టి, ట్రాక్ గెయిన్ ఎంచుకుని, క్లిప్ కాకుండా చూసే ఆప్షన్ టిక్ చేయండి. ఆల్బమ్ గెయిన్ వద్దు, అది ఒకే సీడీలో పాటల మధ్య తేడాలని అలాగే ఉంచేస్తుంది.

దీన్ని ఎంచుకోవాల్సింది ఎవరంటే, ఒకే లైబ్రరీని రెండు మూడు లాప్‌టాప్‌ల మీద వాడేవాళ్లు, పెన్‌డ్రైవ్ ప్లేయర్‌తో వాయించే సెట్ల వాళ్లు, ఆటో గెయిన్ లేని పాత సాఫ్ట్‌వేర్ పట్టుకున్నవాళ్లు. పని మొదలెట్టే ముందు ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకోండి. ఎం4ఏ, వేవ్ ఫైళ్లకి ఇది పనిచేయదు.

ఇందులో ఒక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. సాఫ్ట్‌వేర్ అంతకుముందే ఆ పాటని విశ్లేషించి "9 డెసిబెల్స్ తగ్గించాలి" అని రాసుకుంది. ఈ లోపు మీరు ఫైల్‌నే 9 తగ్గించారు. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలియదు, పాత విలువ ప్రకారం ఇంకో 9 తగ్గిస్తుంది. పాట 18 కిందికి పోయి అసలు వినపడదు. ఎంపీ3గెయిన్ నడిపాక మొత్తం లైబ్రరీని తిరిగి విశ్లేషించాలి, లేదా ఆటో గెయిన్ ఆపేయాలి. బీట్‌గ్రిడ్ (పాట తాళానికి సాఫ్ట్‌వేర్ వేసే గుర్తులు) చేత్తో సరిచేసుకున్న పాటలుంటే వాటిని లాక్ చేసి మరీ విశ్లేషించండి.

ఆడాసిటీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో చేసేవాళ్లూ ఉన్నారు. ఒకటి రెండు పాటలకి బాగుంటుంది, కానీ ఎంపీ3గా మళ్లీ దాచినప్పుడు ఎంతో కొంత నాణ్యత పోతుంది. వెయ్యి పాటలకి ఆ దారి వద్దు.

చేతి ట్రిమ్

నేర్చుకోక తప్పనిది ఇదే, మిగతావన్నీ దీనికి సాయం. హెడ్‌ఫోన్‌లో క్యూ చేసి (జనానికి వినిపించకుండా ముందు మీరే విని), పాటలో గట్టిగా వచ్చే చోటుకి దూకి, ఛానల్ మీటర్ చూడండి. శిఖరాలు పచ్చలో పైకి వచ్చి, పసుపుని అప్పుడప్పుడు తాకితే చాలు. ఎరుపు ఎప్పుడూ వద్దు. నడుస్తున్న డెక్ మీటర్‌తో పోల్చి ట్రిమ్ సరిచేశాకే ఫేడర్ ఎత్తండి. మీటర్‌తో పాటు చెవి కూడా కావాలి: నాదస్వరం, హార్మోనియం మీటర్ మీద తక్కువ చూపించి చెవికి గట్టిగా గుచ్చుకుంటాయి, బేస్ నిండిన పాట మీటర్ నింపేసి చెవికి మెత్తగా ఉంటుంది.

లిమిటర్

ఇది డెక్‌లని సమం చేయదు. మాస్టర్ చివర నిలబడి శిఖరాలని కోస్తుంది. బాక్సులకి కాపలాగా పెట్టుకోండి, మట్టం సరిచేసే పని అప్పగించకండి. దాని ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతుంటే పైన ఎక్కడో గెయిన్ ఎక్కువైందని అర్థం.

మరి ఎవరికి ఏది

ఒకే లాప్‌టాప్, ఒకే కంట్రోలర్, ముందే సిద్ధం చేసుకున్న పాటలు: ఆటో గెయిన్, దాని మీద చిన్న చిన్న చేతి సవరణలు. ఫంక్షన్ హాల్ రిసెప్షన్లకి ఇదే నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. అక్కడ కీర్తన నుంచి కొత్త పాటకి, అక్కడి నుంచి పాత డ్యూయెట్‌కి పదేపదే మారాలి, చేత్తో అన్నీ పట్టుకోలేరు.

వీధి ఊరేగింపు, వ్యాన్ మీద బాక్సులు, పాటలన్నీ ఒకే జాతి మాస్ మిక్సులు: ఆటో గెయిన్ అవసరం అంతగా లేదు. చేతి ట్రిమ్ చాలు, పైన లిమిటర్. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారుల్లో లాగా రెండు బళ్లు ఎదురుపడినప్పుడు ట్రిమ్ మీదికి చెయ్యి పోతుంది, పోనివ్వకండి. అవతలివాళ్ల సౌండ్ ఎక్కువగా వినపడేది వాళ్ల బాక్సులు మీ వైపు తిరిగి ఉన్నందుకే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పాటపాటకీ ఎగిరిపడే సెట్ మీదే ముందు ఫిర్యాదు వెళ్తుంది.

పెన్‌డ్రైవ్ ప్లేయర్లు, గుడి మైక్ సెట్లు, ఇద్దరు ముగ్గురు పంచుకునే లైబ్రరీ: ఎంపీ3గెయిన్.

పాత పాటలూ కొత్త పాటలూ ఒకే రాత్రి వాయించాల్సి వస్తే వాటిని కలిపి కొట్టకుండా గుంపులుగా వేసుకోండి. భోజనాల వేళ పాతవన్నీ వరసగా, డ్యాన్స్ మొదలయ్యాక కొత్తవి. గుంపు మారేటప్పుడు ఒక్కసారే సరిచేస్తే సరిపోతుంది.

చివరి నిమిషంలో వచ్చే పెన్‌డ్రైవ్ పాటకి వరస ఇది. ముందు లాప్‌టాప్‌లోకి కాపీ చేయండి, పెన్‌డ్రైవ్ మీది నుంచే వాయించకండి. మధ్యలో ఎవరైనా పీకితే పాట ఆగిపోతుంది. విశ్లేషణకి వేయండి, ఒక్క పాటకి ఎక్కువసేపు పట్టదు. అంత వ్యవధి కూడా లేదంటే ట్రిమ్‌ని 6 డెసిబెల్స్ దించి ఎత్తండి. తక్కువైతే నాలుగైదు సెకన్లలో మెల్లగా పెంచుకోవచ్చు, జనం గమనించరు. ఎక్కువగా పడితే ముందుగా గమనించేది ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దవాళ్లు.